చేతులు కడుక్కున్నాను

ఆస్పత్రిలో నేను అందరికీ సిస్టర్‌ని, ఇంట్లో మాత్రం చెల్లిని. మా అక్క ఆస్పత్రి వెనకాలే ఉన్న నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేది. తను తయారుచేసి పంపిన పిల్లలు వచ్చి పడేది నేను ఇన్‌ఛార్జిగా ఉన్న ఆపరేషన్ వార్డులోనే. అంటే అక్క వండింది నేను తినాలన్నమాట, ఉప్పెక్కువైనా సరే.

ఆ ఎండాకాలం మా ఇంట్లో మాటలన్నీ పరిశీలన చుట్టూనే తిరిగాయి. బయటి నుంచి ఒక బృందం వచ్చి, స్కూల్లో పాఠాలెలా చెబుతున్నారో, పిల్లలకు పనెంత వచ్చిందో చూసి పోతుంది. బాగుందంటే స్కూలుకి గుర్తింపు నిలుస్తుంది. ప్రిన్సిపాల్ గారు రిటైరవబోతున్నారు కనుక ఆ కుర్చీ అక్కకొస్తుంది. బాగోలేదంటే గుర్తింపే పోతుంది, ఇక కుర్చీ సంగతి ఎవరడుగుతారు?

అక్క ఆశపడటంలో తప్పులేదు. ఒకప్పుడు ఆ స్కూల్లో ప్రాక్టికల్ పరీక్ష అంటే సగం మంది పిల్లలు ముక్కులు తుడుచుకుంటూ బయటికొచ్చేవాళ్ళు. అక్క వచ్చాక ఒక పద్ధతి పెట్టింది. ప్రతి పనినీ చిన్న చిన్న వాక్యాలుగా విడగొట్టి, వాటిని పైకి చెబుతూ చేయించేది. చెక్‌లిస్టులో వాక్యానికో గడి, గడికో మార్కు. "నోరు తిరిగితే చెయ్యి అదే తిరుగుతుంది" అనేది. ఆ తర్వాత తప్పిన పిల్లంటూ లేదు. ప్రిన్సిపాల్ గారు వచ్చినవాళ్ళందరికీ ఆ ఫలితాల పట్టిక గోడ మీద చూపించి మురిసిపోయేవారు. నిజం చెప్పొద్దూ, నేనూ మురిసిపోయాను.

మా అమ్మకొక అలవాటుంది. కంచాల ముందు కూర్చోగానే "ఏవీ చేతులు?" అంటుంది. మా ఇద్దరికీ జుట్టు నెరిసింది, అయినా అడుగుతుంది. చాపితే తన వేళ్ళ వెనకవైపుతో తాకి చూస్తుంది. చల్లగా ఉంటే కడిగినట్టు, వెచ్చగా ఉంటే అబద్ధమాడినట్టు. చిన్నప్పుడు అక్క ఎప్పుడూ దొరికిపోయేది.

"పొద్దున్నుంచీ కడిగి కడిగి అరచేతులు అరిగిపోయాయమ్మా, ఇంట్లో కూడా పరీక్షేనా?" అన్నాను ఆ రోజు.

"ఆస్పత్రి చేతులు ఆస్పత్రికి, ఇంటి చేతులు ఇంటికి. చూపించవే" అంది అమ్మ.

అక్క అన్నం కలుపుతూ అసలు విషయం బయటపెట్టింది. "చెల్లీ, పరిశీలన రోజున పరీక్ష పెట్టడానికి వార్డు సిస్టర్ ఒకరు కూర్చోవాలట. నీ పేరిచ్చాను."

"సొంత చెల్లెలు కూర్చుంటే ఊరుకుంటారా?"

"చెప్పే ఇచ్చాను. వాళ్ళకి పని తెలిసిన మనిషి కావాలి, అంతే. నువ్వుంటే నాకు ధైర్యమే."

"నా నోటి సంగతి తెలిసి కూడా?"

"ఆ రోజుకి నీ నోటితో పనిలేదు. పెన్సిలుంటే చాలు" అని నవ్వింది.

ఆ నవ్వు ఇంకా పచ్చిగా ఉండగానే అమ్మకి కడుపునొప్పి వచ్చింది. పిత్తాశయంలో రాళ్ళన్నారు. ఆపరేషన్ చేసి నా వార్డులోనే పడుకోబెట్టారు. నా కళ్ళెదురుగా ఉంటుంది కదా అని ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

అమ్మ మంచానికి కేటాయించిన విద్యార్థిని అక్క క్లాసులో మొదటి పిల్ల. ఎక్కడ ఆపినా అక్కడి నుంచి గడగడా అప్పజెప్పేదని తోటి పిల్లలు చిలక అని పిలిచేవాళ్ళు. సన్నగా, చురుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ మడత చెడని బట్టల్లో ఉండేది. అక్క మెచ్చిన పిల్ల కదా అని కట్టు మార్చే పని తనకే వదిలి నేను మందుల బండి వెనక తిరిగాను. ఆ ఎండలకి వార్డులో నీళ్ళ కరువు వచ్చిపడింది. మంచాల పక్కనున్న కుళాయి రోజులో ఎక్కువసేపు బుసలు కొట్టడమే తప్ప చుక్క రాల్చేది కాదు. వార్డు చివరి గదిలో బకెట్లు నింపి పెట్టేవాళ్ళం.

ఒకరోజు పొద్దున అమ్మ పక్క మంచం దగ్గర సెలైన్ సరిచేస్తున్నాను. మధ్యలో తెర ఉంది. అవతల చిలక గొంతు వినిపించింది.

"నన్ను నేను రోగికి పరిచయం చేసుకున్నాను."

"ఏదీ? పేరు చెప్పలేదుగా!" అంది అమ్మ.

"చేయబోయే పని రోగికి వివరించాను."

"ఎప్పుడమ్మా?"

"చేతులు కడుక్కున్నాను."

నేను తెర పక్కకి లాగాను. ఆ పిల్ల ట్రాలీ దగ్గర నుంచి ఒక్క అడుగు కూడా కదల్లేదు. బకెట్లున్న గది వార్డుకి ఆ చివరుంది. కాళ్ళు కదలకుండా, చూపు అమ్మ పొట్ట మీది ప్లాస్టర్ మీద పెట్టి, వేళ్ళతో దాని అంచు పట్టుకుంది.

"ఆగు!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే వార్డంతా ఇటు తిరిగింది. "చెయ్యి తియ్. కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను సిస్టర్."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. చెప్పాను కదా, మీరు వినలేదా?"

పాతికేళ్ళ సర్వీసులో అబద్ధాలాడే పిల్లల్ని ఎంతమందిని చూడలేదు! చూపు నేలకి దించుతారు, లేదా మరీ సూటిగా చూస్తారు. ఈ పిల్ల కళ్ళల్లో అబద్ధం లేదు. నిజంగానే కడుక్కున్నాననుకుంటోంది. నాకు కోపం రావలసిన చోట భయమేసింది.

"మొన్నా నిన్నా కూడా ఇలాగే చేసిందే. ఏదో ప్రార్థన చేసుకుంటోంది కాబోలు అనుకున్నాను" అంది అమ్మ.

"మరి నువ్వు అడగలేదా? మమ్మల్ని రోజూ అడుగుతావుగా!"

"ఆస్పత్రి వాళ్ళని అడుగుతామా ఎక్కడైనా?" అంది అమ్మ, నేనేదో తెలివితక్కువ మాటన్నట్టు.

ఆ మధ్యాహ్నం అక్కని మా డ్యూటీ గదిలోకి లాక్కొచ్చి తలుపు వేశాను.

"నీ ఫస్టు పిల్ల చేతులు కడగదు, తెలుసా?"

"చెక్‌లిస్టులో మొదటి గడుల్లోనే ఉందే అది! నిద్రలో లేపి అడిగినా చెబుతుంది."

"అదేగా నా ఏడుపు! చెబుతుంది! చెప్పడమే చెయ్యడం అనుకుంటోంది. మాటలు కోటలు దాటుతున్నాయి గానీ కాలు ట్రాలీ దాటడం లేదు."

అక్క ముఖం మారింది. కుర్చీ వీపు పట్టుకుంది. "మా ల్యాబులో కుళాయి లేదు" అంది. "పై అంతస్తుకి పైపు ఎక్కించమని ఎన్నిసార్లు అడిగానో ప్రిన్సిపాల్ గారినే అడుగు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నారు. నీళ్ళు లేని గదిలో ఎలా నేర్పను? కడుక్కున్నానని చెప్పండి, మార్కు వేస్తానన్నాను."

"ల్యాబులో సరే. ఇక్కడ?"

"ఇక్కడ నీ వార్డులో కుళాయి వస్తోందా? చేతులకి రాసుకునే మందు సీసాల్లో చుక్కుందా? నువ్వు పక్కనుండి చూశావా? పిల్లల్ని నేను గదిలో పాడుచేస్తే, గది దాటాక నువ్వేం బాగుచేశావు?"

అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు మరి.

రెండురోజులకి అమ్మకి జ్వరం వచ్చింది. కుట్లచుట్టూ ఎర్రగా కందిపోయింది, ముట్టుకుంటే మూలిగింది. డాక్టరు కుట్లు రెండు విప్పాడు. చీము బయటికి ఉరికింది. "ఎందుకు పట్టిందో ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు సిస్టర్, ఈ ఎండలకి ఏమైనా కావచ్చు" అన్నాడు. మంచం కాళ్ళవైపు నిలబడ్డ అక్క ఆ మాట విని తలూపింది గానీ, దుప్పటి అంచుని నలుపుతూనే ఉంది. నలిపి నలిపి దాన్ని తాడులా చేసింది.

డాక్టరు వెళ్ళాక నన్ను వరండాలోకి పిలిచింది.

"పరిశీలన అయ్యేదాకా ఆగు చెల్లీ. కడుపు చించుకుంటే మన కాళ్ళ మీదే పడుతుంది. అయ్యాక మొత్తం నేనే మారుస్తాను. అమ్మ మీద ఒట్టు."

"అమ్మ మీద మాత్రం ఇప్పుడు ఒట్టు వెయ్యకు" అన్నాను.

తన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా తగ్గలేదు. "నువ్వు ఆ గడిలో టిక్కు పెట్టకపోతే ఆ పిల్ల తప్పుతుంది. మొదటి పిల్లే తప్పితే మా ఫలితాలన్నీ బూటకమంటారు. స్కూలు మూతపడితే ఈ పిల్లలందరూ ఎక్కడికి పోతారు? నా సంగతి సరే, వాళ్ళ సంగతి చెప్పు."

మింగలేక కక్కలేక వార్డులోకి వచ్చేశాను.

చిలకని మాత్రం వదల్లేదు. మర్నాటి నుంచి తను ఏ మంచం దగ్గరికి వెళ్ళినా నేను వెంటే. "నోరు మూసుకుని చెయ్యి" అన్నాను. పాపం, ఆ పిల్లకి అదెంత కష్టమైందో! మాట ఆపగానే చెయ్యి కూడా ఆగిపోయేది. తర్వాతేం చెయ్యాలో తెలియక దిక్కులు చూసేది. "ఏ గదిలో అడుగు పెట్టినా ముందు మనిషిని చూడు. తర్వాత కుళాయి ఎక్కడుందో చూడు. మిగతావన్నీ ఆ తర్వాతే" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఒకరోజు అమ్మ మంచం దగ్గర నిలబడి, తన పేరు చెప్పి, "కొంచెం మంటగా ఉంటుందమ్మమ్మా, ఓర్చుకోండి" అంది.

"అబ్బ, నీకు మాటలు కూడా వచ్చే!" అంది అమ్మ. అంత నొప్పిలోనూ.

పరిశీలన రోజు వచ్చింది. ల్యాబు గోడలకి కొత్త సున్నం వాసన. మధ్యలో మంచం మీద రబ్బరు బొమ్మ పడుకుని ఉంది. పిల్లలు దాన్ని తాతయ్య అంటారు. పొట్ట మీద అతికించిన కుట్లు, పక్కన ట్రాలీ. బృందానికి పెద్దగా వచ్చినావిడ పొట్టిగా, పలచగా ఉంది. గోడ మీది ఫలితాల పట్టిక ముందు చాలాసేపు నిలబడి, "అందరూ పాసే!" అంది. మెచ్చుకుందో వెటకారం చేసిందో తెలియలేదు. ప్రిన్సిపాల్ గారు మాత్రం మెచ్చుకోలుగానే తీసుకుని చేతులు కట్టుకుని నవ్వారు.

నేను తాతయ్య తలవైపు చెక్‌లిస్టు పట్టుకుని కూర్చున్నాను. అక్క గోడవారగా నిలబడింది. ఇంట్లోంచి ఇద్దరం ఒకే ఆటోలో వచ్చాం, దారంతా ఒక్క మాట లేదు. దిగేటప్పుడు మాత్రం నా వాచీ పట్టీ ఊడితే తనే పెట్టింది. పెట్టి, నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది. ఆ నొక్కుడు ఇంకా మణికట్టు మీదే ఉన్నట్టుంది. పెన్సిలు పట్టుకున్న చెయ్యి కూడా అదే.

ముందుగా చిలకని పిలిచారు. మొదటి పిల్లతో మొదలుపెడితే శుభమని ప్రిన్సిపాల్ గారి లెక్క.

గంట కొట్టారు. చిలక లోపలికొచ్చి తాతయ్య దగ్గర నిలబడింది. ఎక్కడ ఆపినా గడగడా అందుకునే పిల్ల నోరు మెదపలేదు. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాఠం మర్చిపోయిందనుకుంది. చిలక రబ్బరు ముఖంలోకి వంగి, తన పేరు చెప్పి, "తాతయ్యా, కట్టు మార్చడానికొచ్చాను, కొంచెం మంటగా ఉంటుంది" అంది. తర్వాత గోడల వెంట చూడటం మొదలుపెట్టింది. ఈ మూల నుంచి ఆ మూలకి, కిటికీ నుంచి తలుపుకి.

"చెప్పమ్మా" అంది అక్క, ఆపుకోలేక. "చేతులు..."

చిలక నావైపు తిరిగింది. "సిస్టర్, ఇక్కడ కుళాయి ఎక్కడుంది?"

ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "పరీక్షే కదమ్మా, కడుక్కున్నానని చెప్తే చాలు."

ఆ పిల్ల కదల్లేదు. బృందం పెద్దావిడ గదంతా ఓసారి కలియజూసింది. "ఈ గదిలో కుళాయి లేదా?" అని అడిగింది. ప్రిన్సిపాల్ గారు నీళ్ళు నమిలారు. ఆ గదిలో ఉన్న నీళ్ళు అవే.

నా పెన్సిలు గడి మీదే ఉంది. నేనేం చేసేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు. ఈలోగా అక్క గోడ వదిలి ముందుకొచ్చింది.

"కింద ఉందమ్మా, మెట్ల పక్కన. వెళ్ళి కడుక్కుని రా. మేం ఆగుతాం" అంది.

చిలక పరుగెత్తింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగిపోయింది. కాసేపటికి కిటికీలోంచి నీళ్ళు పడుతున్న శబ్దం వినిపించింది. అందరం దాన్నే వింటూ కూర్చున్నాం. ఆగితే బాగుండనిపించేంతసేపు పడ్డాయి ఆ నీళ్ళు.

"మరి ఇన్నాళ్ళూ పిల్లలు ఎక్కడ కడుక్కున్నారు?" అడిగింది పెద్దావిడ.

"నోటితో కడుక్కున్నారు మేడమ్" అంది అక్క. "అలా నేర్పింది నేనే. మార్కులు వేసిందీ నేనే. ఆ పట్టికలో ఉన్నవి అవే."

చిలక తిరిగొచ్చింది. మోచేతుల నుంచి నీళ్ళు కారుతుండగా చేతులు పైకెత్తి పట్టుకుని, రొప్పుతూ వచ్చింది. శుభ్రమైన బట్టతో తుడుచుకుని, గ్లవ్స్ తొడుక్కుని, పాత కట్టు విప్పిందో లేదో గడువైపోయిందని గంట కొట్టేశారు. నేను చేతుల గడిలో టిక్కు పెట్టాను. కింద గడులు చాలావరకు ఖాళీ. నిజంగా సంపాదించుకున్న మార్కులతో ఆ పిల్ల పరీక్ష తప్పింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క అడిగింది. "నువ్వే చెప్పి పంపావు కదూ?"

"అడగమని చెప్పలేదు. కడుక్కోమని చెప్పాను, అంతే."

"అంతేనా?" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

స్కూలు మూతపడలేదు. ఏడాది గడువిచ్చి, పిల్లలందరికీ మళ్ళీ పరీక్ష పెట్టమన్నారు, అది కూడా రోగుల మంచాల దగ్గర. చాలామంది తప్పారు. చిలక పాసైంది, మొదటి స్థానంలో మాత్రం కాదు. ల్యాబుకి పైపు ఎక్కించారు. ప్రిన్సిపాల్ కుర్చీలో బయటి నుంచి వచ్చినాయన కూర్చున్నాడు. అక్క ఆ కుర్చీకి నీళ్ళొదులుకుని, కొత్తాయన వెయ్యమనకుండానే తన క్లాసుల్ని వార్డుల్లో వేయించుకుంది, నా వార్డులో తప్ప. ఆస్పత్రిలో అందరి నోటా ఒకటే మాట, సొంత చెల్లెలే ముంచిందని. నేనెవరికీ జవాబు చెప్పలేదు. ఇంట్లోనే చెప్పుకోలేనిది బయటేం చెప్పుకోను?

అమ్మ ఇంటికొచ్చింది. గాయం లోపలి నుంచి మెల్లగా పూడాలి కనుక రోజూ గాజుగుడ్డ పెట్టి కట్టు మార్చాలి. ఆ పని నేనే చేసేదాన్ని. అక్కా నేనూ అమ్మ ద్వారానే మాట్లాడుకునేవాళ్ళం. "అమ్మా, తనని తలుపు వేసుకోమను." "అమ్మా, పాలు పొంగుతున్నాయని తనకి చెప్పు." అమ్మకి విసుగొచ్చి, "నా పొట్టకి చిల్లు పడింది గానీ నేను టెలిఫోన్ని కాదే!" అని అరిచింది ఒకరోజు.

తొలకరి పడిన రోజు సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అక్క కట్టు సామానంతా పళ్ళెంలో సర్దుతోంది. ఎప్పుడూ ఆ పళ్ళెం జోలికి రాని మనిషి. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అక్క పెరటి కుళాయి దగ్గరికెళ్ళింది. వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్లు, మోచేతుల దాకా రుద్ది కడిగింది. ఆరబెట్టిన తెల్ల బట్టతో తుడుచుకుని వచ్చి అమ్మ మంచం పక్కన నిలబడింది. మొదలుపెట్టలేదు. రెండు చేతులూ అమ్మ ముందుకి చాపింది.

"ఏమిటే?" అంది అమ్మ.

"చూడు" అంది అక్క.

అమ్మ వేళ్ళ వెనకవైపుతో తాకి చూసింది. "చల్లగానే ఉన్నాయి" అంది.

అక్క తన చేతులవైపు చూసుకుని వెనక్కి తిరిగింది.

"మళ్ళీ ఎక్కడికే?"

"నువ్వు ముట్టుకున్నావుగా" అంది అక్క, కుళాయి తిప్పుతూ.

"దీనికేం పిచ్చి పట్టిందే?" అని అమ్మ నన్నడిగింది. నేను సంచి కింద పెట్టి, జాకెట్టు చేతులు పైకి మడిచి, వెళ్ళి అక్క వెనక నిలబడ్డాను. అక్క తల తిప్పకుండానే కొంచెం పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.